ఆఫీసులో గూగుల్ డ్రైవ్ పెట్టారు, క్లయింటు టీమ్స్ అంటున్నారు: లింకులు తెరుచుకోవట్లేదు, షీటులో బాకీలు తారుమారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

అబిడ్స్_ఆఫీసు అడిగిన ప్రశ్న:

అబిడ్స్‌లో క్యాటలాగులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాల ఆర్డర్లు చేసే చిన్న ఆఫీసు. తొమ్మిది మందిమి. ఇన్నాళ్లూ కొటేషన్లు, ప్రూఫులు, వసూళ్ల ఎక్సెల్ అన్నీ వాట్సాప్‌లోనూ పెన్ డ్రైవుల్లోనూ తిరిగేవి. ఇప్పుడు గూగుల్ వర్క్‌స్పేస్ (ఆఫీసు మెయిల్, డ్రైవ్, డాక్స్, షీట్స్ కలిపి ఇచ్చే గూగుల్ సేవ) తీసుకున్నారు. హైటెక్ సిటీలో ఉన్న ఒక క్లయింటేమో మైక్రోసాఫ్ట్ టీమ్స్‌లోకే (ఆఫీసు వాళ్లు మాట్లాడుకునే, ఫైళ్లు పంచుకునే యాప్) రమ్మంటున్నారు. మాలో ఎవరికీ ఈ రెండూ అలవాటు లేవు.

లింకు పంపితే సగం మందికి అనుమతి లేదని వస్తోంది. అదే మనిషికి కంప్యూటర్లో తెరుచుకుంటుంది, ఫోన్లో తెరుచుకోదు. వసూళ్ల షీటులో ఒకరి పేరు ఎదురుగా ఇంకొకరి బాకీ కనిపిస్తోంది. అను (డీటీపీలో వాడే తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్)లో టైపు చేసిన తెలుగు ఫైళ్లు డ్రైవ్‌లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు. టీమ్స్‌లో పెట్టిన ఫైలు మర్నాడు వెతికితే దొరకదు.

అందరినీ అమీర్‌పేటలో ఏదైనా కోర్సులో చేర్పించాలా, లేక మాకు మేమే నేర్చుకోవచ్చా? ఏది ముందు, ఏది తర్వాత అన్నది చెప్పండి చాలు.

మాదాపూర్_సపోర్ట్ జవాబు:

కోర్సు అక్కర్లేదండీ. రోజుకో అరగంట చొప్పున పది రోజులు కూర్చుంటే మీ పనికి కావలసినంత వచ్చేస్తుంది. ముందు ఒక్క విషయం తొమ్మిది మందికీ ఒంటబట్టాలి. వాట్సాప్‌లో ఫైలు పంపితే తొమ్మిది ఫోన్లలో తొమ్మిది నకళ్లు తయారవుతాయి, ఎవరి నకలు వాళ్లు దిద్దుకుంటారు. డ్రైవ్‌లో ఫైలు ఒక్కటే, ఒక్క చోటే ఉంటుంది. మీరు ఫైలు పంపరు, ఫైలు దగ్గరికి మనుషుల్ని పిలుస్తారు. లింకు ఇంటి అడ్రసు లాంటిది. అడ్రసు తెలిసినంత మాత్రాన తలుపు తెరుచుకోదు కదా, తాళం వేరే ఇవ్వాలి.

ఆ తాళం ఇచ్చే చోటు షేర్ బటన్. ఫైలు తెరిస్తే కుడివైపు పైన ఉంటుంది. నొక్కాక మెయిల్ ఐడీ వేసి, పక్కన మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. వ్యూయర్ చూడగలరు, అంతే. కామెంటర్ పక్కన వ్యాఖ్య రాయగలరు కానీ అసలు రాతను ముట్టుకోలేరు. ఎడిటర్ అన్నీ మార్చగలరు. అలవాటు లేక అందరికీ ఎడిటర్ ఇచ్చేస్తుంటారు. మీ పనిలో ప్రూఫు చూసే క్లయింటుకి కామెంటర్ చాలు. కొటేషన్ తయారుచేసే ఇద్దరికే ఎడిటర్ ఉండాలి.

అదే పెట్టెలో కింద జనరల్ యాక్సెస్ అని ఉంటుంది. అక్కడ రిస్ట్రిక్టెడ్ అని ఉంటే, పైన పేర్లు చేర్చిన వాళ్లకే తెరుచుకుంటుంది. కాపీ లింక్ నొక్కితే అడ్రసు కాపీ అవుతుందే గానీ అనుమతి మారదు. మీ లింకులు సగం మందికి తెరుచుకోకపోవడానికి కారణం ఇదే అయ్యుంటుంది. దానికి విరుగుడుగా ఎనీవన్ విత్ ద లింక్ పెట్టేయకండి. పెడితే ఆ లింకు ఎవరి చేతికి చేరితే వాళ్లకల్లా ఫైలు తెరుచుకుంటుంది, వాట్సాప్ గ్రూపులో ఫార్వర్డు అయినా సరే. కరపత్రం డిజైనుకి పరవాలేదు. ఆధార్, పాన్ స్కాన్లు, జీతాల షీటు, బ్యాంకు వివరాలు ఉన్నవాటికి అలా ఎప్పుడూ వద్దు.

ఫోన్లో తెరుచుకోకపోవడం వేరే సంగతి. ఫోన్లో డ్రైవ్ యాప్ సాధారణంగా సొంత జీమెయిల్‌తో లాగిన్ అయి ఉంటుంది. మీరు అనుమతి ఇచ్చింది ఆఫీసు ఐడీకి. యాప్‌లో కుడివైపు పైన గుండ్రని ఫొటో నొక్కి ఆఫీసు ఖాతాకి మారి, మళ్లీ లింకు నొక్కండి. ఆఫీసు ఖాతా ఆ ఫోన్లో అసలు లేకపోతే అక్కడే యాడ్ అనదర్ అకౌంట్‌తో చేర్చాలి. కంప్యూటర్లో రెండు ఖాతాలు కలగలవకుండా క్రోమ్‌లో ఆఫీసుకి ఒక ప్రొఫైల్, సొంతానికి ఒకటి విడిగా పెట్టుకోండి. సగం గొడవలు అక్కడే తీరిపోతాయి.

ఏ లింకైనా బయటికి పంపే ముందు ఒక పరీక్ష చేయండి: కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటో విండో (ఏ ఖాతాతోనూ లాగిన్ అయి ఉండని విండో) తెరిచి అందులో లింకు అతికించండి. లాగిన్ అడగకుండా ఫైలు కనిపించిందా, అది ఎవరికైనా కనిపిస్తుందన్నమాట. పది సెకన్ల పని.

ఫోల్డర్ల సంగతి కూడా మొదట్లోనే తేల్చుకోవాలి. ఫోల్డర్‌కి ఇచ్చిన అనుమతి లోపలున్న ప్రతి ఫైలుకీ దిగుతుంది, రేపు అందులో వేసేవాటికి కూడా. అందుకని ఫోల్డర్లను ఎవరు చూడాలి అన్న లెక్కన విడదీయండి: అందరికీ ఒకటి, లెక్కల వాళ్లకి ఒకటి, యజమానికి ఒకటి. నెలల ప్రకారం, క్లయింట్ల ప్రకారం విభజన దాని లోపల చేసుకోవచ్చు. ఫైలు పేరులో తేదీ 2025-05-12 పద్ధతిలో ముందు పెడితే వరస దానంతటదే కుదురుతుంది. ఫైనల్, ఫైనల్2, లేటెస్ట్ లాంటి పేర్లు ఇక అక్కర్లేదు. గూగుల్ డాక్స్, షీట్స్ ఫైళ్ల పాత రూపాలు ఫైల్ మెనూలో వర్షన్ హిస్టరీలో ఉంటాయి.

రాత దిద్దే పనికి ఇంకొకటి నేర్చుకోండి. గూగుల్ డాక్స్‌లో కుడివైపు పైన పెన్సిల్ గుర్తు నొక్కి ఎడిటింగ్ బదులు సజెస్టింగ్ ఎంచుకుంటే, మీరు మార్చినదంతా రంగులో సూచనగా కనిపిస్తుంది. ఫైలు బాధ్యత ఉన్నవాళ్లు టిక్ నొక్కితే కలుస్తుంది, ఇంటూ నొక్కితే పోతుంది. ప్రూఫు రీడింగుకి ఇంతకంటే మంచి పద్ధతి లేదు. కామెంటులో ఎట్ గుర్తు పెట్టి మనిషి మెయిల్ ఐడీ రాస్తే వాళ్లకు మెయిల్ వెళ్తుంది. పక్కనే వచ్చే అసైన్ గడిలో టిక్ పెడితే ఆ పని వాళ్ల పేరు మీద పడుతుంది.

కూకట్‌పల్లి_లెక్కలు జవాబు:

అన్నా, పేర్ల ఎదురుగ వేరేవాళ్ల బాకీలు వస్తున్నయంటే అది సార్టింగ్ల జరిగిన గడబిడే అయ్యుంటది. ఎవరో బాకీ కాలమ్ ఒక్కటే సెలెక్ట్ చేసి, డేటా మెనూల సార్ట్ రేంజ్ కొట్టిన్రు. అట్ల కొడితే ఆ కాలమ్ ఒక్కటే కదులుతది, పేర్లు ఎక్కడియి అక్కడ్నే ఉంటయి. ఒకే ఫైలు కాబట్టి తొమ్మిదిమందికీ అట్లనే కనిపిస్తది.

ముందుగాల పాత లెక్క బయటికి తియ్యాలె. ఫైల్, వర్షన్ హిస్టరీ, సీ వర్షన్ హిస్టరీ. కుడిపక్క తేదీలు, టైములు, ఎవరు మార్చిన్రో వాళ్ల పేర్లు వస్తయి, ఒక్కొక్కరి మార్పు ఒక్కో రంగుల. సక్కగున్న తేదీ మీద నొక్కి చూడుండ్రి. రీస్టోర్ మాత్రం ఎంబడే కొట్టకుండ్రి. కొడితే షీటు మొత్తం ఆ రోజుకు పోతది, తర్వాత రాసిన కొత్త వసూళ్లు సుత కనవడవు. హిస్టరీలనే ఉంటయి, మల్ల తియ్యొచ్చు గని తిప్పలయితది. దాని బదులు ఆ వర్షన్ పక్కన మూడు చుక్కలు నొక్కి మేక్ ఏ కాపీ పెట్టుండ్రి. కాపీల సరైన కాలమ్ చూసుకుంట ఇప్పటి షీటుల దిద్దుకోవాలె.

ఒక్క గడి సంగతే తెలుసుకోవాల్నంటే ఆ గడి మీద రైట్ క్లిక్, షో ఎడిట్ హిస్టరీ. ఎవరు, ఎప్పుడు, అంతకుముందు ఏముండె, అన్నీ చెప్తది. వరుసలు చేర్చుడు, తీసేసుడు అండ్ల కనవడవు, దానికి పెద్ద హిస్టరీయే దిక్కు.

ఇగ మల్ల జరగకుండ చేసే పనులు. వ్యూ, ఫ్రీజ్, వన్ రో పెట్టుండ్రి, తలకాయ వరుస కదలదు. మొదటి కాలమ్ల ప్రతి ఆర్డరుకు ఒక నంబరు వెయ్యుండ్రి, ఫార్ములాతోని కాదు, చేత్తోని. వరస చెదిరినా షీటు మొత్తం ఆ నంబరు మీద సార్ట్ చేస్తే పాత వరస వచ్చేస్తది. షీటు మొత్తం సార్ట్ చెయ్యాల్నంటే సార్ట్ షీట్, సార్ట్ రేంజ్ కాదు.

అసలుకైతే చూసుకునేటందుకు సార్ట్ చేసే అవసరమే లేదు. డేటా మెనూల క్రియేట్ ఫిల్టర్ వ్యూ ఉంటది. అండ్ల ఎట్ల తిప్పుకున్నా, ఏం దాచుకున్నా మీకే కనిపిస్తది, పక్కోళ్ల తెర మారదు. ఉత్త ఫిల్టర్ పెడితే మటుకు ఎడిటర్ ఒకరు దాచిన వరుసలు అందరికీ దాగిపోతయి. "నా ఎంట్రీలు పోయినయి" అని లొల్లి వస్తే ముందు ఫిల్టర్ ఉన్నదేమో చూడుండ్రి, చానాసార్లు అదే.

ఫార్ములా ఉన్న కాలమ్స్‌కు తాళం వెయ్యుండ్రి: డేటా, ప్రొటెక్ట్ షీట్స్ అండ్ రేంజెస్. రిస్ట్రిక్ట్ పెట్టి ఇద్దరి పేర్లే ఇయ్యుండ్రి. వార్నింగ్ మాత్రమే చూపే ఇంకో పద్ధతి ఉంటది, దాన్ని అందరు ఓకే కొట్టుకుంట పోతరు, పనికిరాదు. చెల్లింది, పెండింగ్ లాంటి మాటలకు డ్రాప్‌డౌన్ పెట్టుండ్రి. ఒకరు పెండింగ్ అని, ఇంకొకరు బాకీ అని రాస్తే లెక్క తేలదు.

తేదీల సంగతి జర గట్టిగ చెప్తున్న. ఫైల్, సెట్టింగ్స్‌ల లొకేల్ (తేదీలు ఏ దేశం పద్ధతిల ఉండాల్నో చెప్పేది) యునైటెడ్ స్టేట్స్ అని ఉంటే 03/04/2025 అని కొట్టినప్పుడు మార్చి నాలుగు అయితది, మనం రాసింది ఏప్రిల్ మూడు. 25/04/2025 అయితే తేదీనే కాదు, ఉత్త అక్షరాలుగ మిగుల్తది. గడిల ఎడమ దిక్కు అంటుకొని ఉన్నదంటే అదే గుర్తు. జీఎస్టీ లెక్క తీసేటప్పుడు నెలలే మారిపోతయి. లొకేల్ ఇండియా పెట్టినంకనే డేటా అతికించుండ్రి. ముందే తప్పుగ పడ్డ తేదీలు లొకేల్ మార్చినంత మాత్రాన బాగుగావు, వాటిని మల్ల కొట్టాల్సిందే.

చిక్కడపల్లి_డీటీపీ జవాబు:

అను విషయం నేను చెప్తానండీ. ఇది డ్రైవ్ తప్పు కాదు, ఫైలు పాడవలేదు కూడా. అను అక్షరాలు యూనికోడ్ (ప్రతి భాష అక్షరానికీ సొంత గది ఉండే, అన్ని కంప్యూటర్లూ గుర్తించే పద్ధతి) కావు. ఇంగ్లీషు అక్షరాలకూ గుర్తులకూ ఉండే గదుల్లో తెలుగు బొమ్మలు పెట్టారు. ఆ ఫాంటు ఉన్న కంప్యూటర్లో తెలుగులా కనిపిస్తుంది, లేనిచోట అసలు గదిలో ఉన్న ఇంగ్లీషు గుర్తు బయటపడుతుంది. గూగుల్ డాక్స్‌లో మన సొంత ఫాంటు ఎక్కించే వీలు లేదు కాబట్టి అక్కడ అను ఎప్పటికీ సరిగా కనిపించదు. ఇంకో నష్టం కూడా ఉంది. డ్రైవ్‌లో "కొటేషన్" అని తెలుగులో వెతికితే అను ఫైళ్లలోని రాత దొరకదు.

రెండు దారులు పెట్టుకోండి. ఉత్తరాలు, కొటేషన్లు, ప్రూఫు పాఠం యూనికోడ్‌లో ఉండాలి. పాతవి అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లో వేసి తీసుకోండి. మార్చాక కళ్లతో చదవకుండా వదలకండి: వత్తులు, ముఖ్యంగా రవత్తు, క్ష, అంకెలు, కొటేషన్ గుర్తులు, ఇంగ్లీషు మాటలు కలిసిన వాక్యాలు. తప్పులు దొర్లేది అక్కడే. మధ్యలో ఇంగ్లీషు మాట ఉంటే కన్వర్టర్ దాన్నీ తెలుగనుకుని మార్చేస్తుంది. కాబట్టి పేరాను ముక్కలు చేసి తెలుగు భాగమే వేయాలి.

రెండోది, ప్రెస్సుకి వెళ్లే ఫైలు. పేజ్‌మేకర్ (పాత పేజీ డిజైన్ సాఫ్ట్‌వేర్)లో పని చేస్తుంటే అక్కడ యూనికోడ్ తెలుగు కుదరదు, కాబట్టి ఆ పేజీలు అనులోనే ఉండనివ్వండి. డ్రైవ్‌లో చూపించడానికి మాత్రం ఫాంట్లు లోపల చేర్చిన పీడీఎఫ్ చేసి పెట్టండి, అది ఎక్కడైనా సరిగా కనిపిస్తుంది. క్లయింటు పీడీఎఫ్ మీదే డ్రైవ్‌లో కామెంటు రాయగలరు. ఇన్‌డిజైన్ వాడుతుంటే పేరాగ్రాఫ్ ప్యానెల్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోవాలి, అప్పుడే యూనికోడ్ తెలుగు వత్తులు సరిగా కూడతాయి. మామూలు కంపోజర్లో విడివిడిగా పడతాయి.

ప్రూఫు దిద్దాక పీడీఎఫ్‌ను అదే పేరుతో అదే ఫోల్డర్లో ఎక్కించండి. పాతదాని స్థానంలో పెట్టాలా, రెండూ ఉంచాలా అని అడుగుతుంది. స్థానంలో పెట్టమనండి, లింకు మారదు, క్లయింటు దగ్గరున్న లింకులోనే కొత్త ప్రూఫు కనిపిస్తుంది. పాత పీడీఎఫ్ రైట్ క్లిక్‌లో మేనేజ్ వర్షన్స్‌లో 30 రోజులు ఉంటుంది. క్లయింటు సరేనన్న ప్రూఫుకి అక్కడే కీప్ ఫరెవర్ పెట్టండి, రేపు తగాదా వస్తే అదే సాక్ష్యం.

టైపింగుకి: విండోస్‌లో లాంగ్వేజ్ సెట్టింగుల్లో తెలుగు చేర్చుకుంటే ఇన్‌స్క్రిప్ట్‌తో పాటు ఫొనెటిక్ కీబోర్డు కూడా పెట్టుకోవచ్చు, విండోస్ మీటతో స్పేస్ నొక్కితే మారుతుంది. అను కీబోర్డుకి చేతులు అలవాటైన వాళ్లకి మొదటి రెండు వారాలు కష్టమే, ఓపిక పట్టాలి. డాక్స్‌లో టూల్స్, వాయిస్ టైపింగ్‌లో తెలుగు ఎంచుకుని మాట్లాడినా రాస్తుంది, చుక్కలు కామాలు మనమే పెట్టుకోవాలి. ఫాంట్ల జాబితాలో మోర్ ఫాంట్స్ నొక్కి లిపి తెలుగు అని పెడితే మండలి, రామభద్ర, సూరన్న, గిడుగు వంటివి వస్తాయి. పాఠానికి మండలి, శీర్షికకి రామభద్ర బాగుంటాయి.

అబిడ్స్_ఆఫీసు:

అందరికీ ధన్యవాదాలండీ. వర్షన్ హిస్టరీలో పాత బాకీలు దొరికాయి, లొకేల్ కూడా యునైటెడ్ స్టేట్స్ అనే ఉంది. టీమ్స్ గురించి ఎవరైనా చెప్పగలరా? క్లయింటు గెస్టుగా చేర్చామన్నారు. ఇంకొకటి, కొన్ని ముఖ్యమైన ఫైళ్లు మా వాళ్ల సొంత జీమెయిల్ డ్రైవుల్లో ఉన్నాయి. అవి ఆఫీసు ఖాతాకి ఎలా మార్చాలి?

గచ్చిబౌలి_టీమ్స్ జవాబు:

గెస్టు అంటే మీరు వాళ్ల ఇంటికి వెళ్లినట్టు. మీ మెయిల్‌కి వచ్చిన ఆహ్వానం ఒప్పుకున్నాక, టీమ్స్‌లో కుడివైపు పైన ఫొటో నొక్కితే క్లయింటు సంస్థ పేరు కనిపిస్తుంది, దానికి మారాలి. మారకపోతే ఖాళీ టీమ్స్ కనిపిస్తుంది, చేర్చలేదేమో అనుకుంటారు. మీ ఐడీ గూగుల్‌దైనా పరవాలేదు, లాగిన్ కోసం మెయిల్‌కి కోడ్ వచ్చే ఏర్పాటు ఉంటుంది.

ఫైలు మర్నాడు దొరకకపోవడానికి కారణం: టీమ్స్ ఫైళ్లను తనలో దాచుకోదు. ఛానెల్లో (టీమ్ అంతటికీ కనిపించే చర్చ చోటు) పెట్టిన ఫైలు ఆ టీమ్ షేర్‌పాయింట్ సైటులోకి (సంస్థ ఉమ్మడి ఫైళ్ల చోటు) వెళ్తుంది, ఛానెల్ పైన ఉండే ఫైళ్ల ట్యాబులో (కొన్నిచోట్ల షేర్డ్ అని ఉంటుంది) ఎప్పుడైనా దొరుకుతుంది. చాట్‌లో పెట్టిన ఫైలు పంపిన మనిషి వన్‌డ్రైవ్‌లో (ఒక్కొక్కరి సొంత ఫైళ్ల చోటు), మైక్రోసాఫ్ట్ టీమ్స్ చాట్ ఫైల్స్ అనే ఫోల్డర్లో ఉంటుంది. చాట్‌లో ఉన్నవాళ్లకే అనుమతి. తర్వాత చేరిన వాళ్లకి ఛానెల్లో వెతికినా కనబడదు. పంపిన మనిషి ఉద్యోగం మానేసి ఖాతా తీసేస్తే, అడ్మిన్ మార్చకపోతే 30 రోజుల తర్వాత ఆ వన్‌డ్రైవ్ కూడా పోతుంది. అందుకని ఆర్డరుకి సంబంధించిన ప్రతి ఫైలూ ఛానెల్లోనే పెట్టండి. గెస్టుగా వచ్చిన మీకు అదే సరైన చోటు కూడా.

ఛానెల్లో మాట్లాడే పద్ధతి వాట్సాప్‌లా ఉండదు. కొత్త విషయానికి కొత్త పోస్టు, జవాబుకి ఆ పోస్టు కిందే రిప్లై. జవాబును కొత్త పోస్టుగా వేస్తే మూడు రోజుల్లో ఏది దేనికి జవాబో ఎవరికీ తెలియదు. ఇంకో సంగతి, చాట్‌లో సాధారణంగా ఎంటర్ నొక్కగానే సందేశం వెళ్లిపోతుంది. కింది వరుసకి షిఫ్ట్, ఎంటర్.

వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను డౌన్‌లోడ్ చేసి దిద్ది మళ్లీ ఎక్కించకండి. అక్కడికక్కడే తెరవండి, లేదా ఓపెన్ ఇన్ డెస్క్‌టాప్ యాప్. పైన ఆటోసేవ్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఉంటే ఇద్దరూ ఒకేసారి రాయవచ్చు. పాత ఎక్స్‌ఎల్‌ఎస్ రూపంలో ఉన్న ఎక్సెల్ ఫైలులో అది కుదరదు, రెండో మనిషికి తాళం పడిందని చూపిస్తుంది. సేవ్ యాజ్‌లో ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్‌గా మార్చండి.

సింక్ నొక్కితే ఆ ఛానెల్ ఫోల్డర్ మీ కంప్యూటర్లో మామూలు ఫోల్డర్లా కనిపిస్తుంది. చోటు కోసం అందులోంచి ఫైలు డిలీట్ చేస్తే క్లయింటు దగ్గర కూడా పోతుంది. చోటు ఖాళీ కావాలంటే రైట్ క్లిక్‌లో ఫ్రీ అప్ స్పేస్ ఎంచుకోవాలి. పొరపాటున డిలీట్ అయితే షేర్‌పాయింట్ రీసైకిల్ బిన్‌లో 93 రోజుల వరకు తిరిగి తీయవచ్చు, వెంటనే క్లయింటుకి చెప్పండి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌లో అయితే గడువు 30 రోజులే.

మాదాపూర్_సపోర్ట్:

సొంత జీమెయిల్ ఫైళ్ల సంగతి. సొంత జీమెయిల్ నుంచి ఆఫీసు ఖాతాకి యాజమాన్యం నేరుగా మార్చే వీలు గూగుల్ ఇవ్వదు. ఆ మనిషి ఫైలును ఆఫీసు ఐడీకి ఎడిటర్‌గా షేర్ చేయాలి. ఆఫీసు ఖాతాలో తెరిచి ఫైల్, మేక్ ఏ కాపీ. అక్కడ కామెంట్లు కూడా కాపీ చేయాలా అనే టిక్ ఉంటుంది, పెట్టండి. కాపీకి ఆఫీసే యజమాని. పాత వర్షన్ హిస్టరీ మాత్రం రాదు, లింకు కూడా కొత్తదే. అందుకని పాత ఫైలు పైన "ఇది మూసేశాం, కొత్తది ఇక్కడ" అని కొత్త లింకు పెట్టి, అందరినీ వ్యూయర్‌గా మార్చేయమనండి. లేదంటే నెల రోజుల దాకా ఎవరో ఒకరు పాతదాంట్లోనే రాస్తుంటారు.

డ్రైవ్‌లో ఎడమవైపు షేర్డ్ డ్రైవ్స్ కనిపిస్తోందా చూడండి. మీ ప్లాన్‌లో ఉంటే ఈ కాపీలన్నీ అందులోనే పెట్టండి. అక్కడి ఫైళ్లకి సంస్థే యజమాని, మనిషి మారినా ఫైలు కదలదు. లేకపోతే ఎవరైనా మానేసినప్పుడు, అడ్మిన్ ఖాతా తొలగించే వేళ డ్రైవ్ ఫైళ్లు ఇంకొకరికి బదిలీ చేయాలా అని అడుగుతుంది, తప్పకుండా చేయండి. మర్చిపోతే తొలగించిన ఖాతాను 20 రోజుల లోపే వెనక్కి తేగలరు.

కొటేషన్ నమూనాకి ఒక కిటుకు: లింకులో ఎడిట్ అనే ఇంగ్లీషు మాట దగ్గర్నుంచి చివరిదాకా తీసేసి, దాని స్థానంలో ఇంగ్లీషులో కాపీ అని రాసి పంపండి. తెరిచిన వాళ్లకి నకలు తీసుకోమనే అడుగుతుంది, మీ అసలు నమూనా మీద ఎవరూ పొరపాటున రాయరు. నమూనాకి వాళ్లు వ్యూయర్లుగానే ఉంటే చాలు.